ఒక్కతేనండి

మా తమ్ముణ్ణి మేనత్తకు అప్పజెప్పి మేము ముగ్గురం సముద్రం దగ్గరికి వెళ్లిన వేసవిలో నాకు పదకొండేళ్లు. వాడికి ఏడు. ఏడేళ్లు వచ్చినా వాడు కూర్చోలేడు, మాట్లాడలేడు. మెడ నిలిచేది కాదు. ఎత్తుకుంటే తల పక్కకు వాలిపోయేది, అరచేత్తో ఆపి పట్టుకోవాలి. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదట, మెదడుకు గాలి అందలేదట. చిలకలూరిపేటలో మేము అద్దెకున్న రెండు గదుల ఇంట్లో మా అమ్మ పొద్దున లేచింది మొదలు వాడి చుట్టూనే తిరిగేది. మెత్తగా పిసికిన అన్నం చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టి, గొంతు మీద వేలితో నిమురుతూ మింగించేది. అలా తినిపించడానికి ఒక్కో పూట గంట పైనే పట్టేది. ఆ తర్వాత తను తినేది. చల్లారిపోయిన అన్నం, చాలాసార్లు నిలబడే.

వాడికి చప్పుళ్లంటే ఇష్టం. కుక్కర్ కూత వేస్తే ఒళ్లంతా కదిలించి నవ్వేవాడు. హైవే మీద లారీ హారన్ మోగినా అంతే. ఆ నవ్వు కోసం నేను గిన్నెల మీద గరిటెతో వాయించేదాన్ని. వాడంటే నాకు ప్రేమ లేక కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలనిపిస్తోంది.

నాన్న పత్తి జిన్నింగు మిల్లులో పని చేసేవాడు. ఎండలు ముదిరేసరికి పత్తి రావడం తగ్గి మిల్లు ఆగిపోతుంది. ఆ ఏడాది మిల్లు ఆగిన వారంలోనే అమ్మ నీళ్ల బిందె ఎత్తబోయి నడుము పట్టేసి వాకిట్లో కూలబడిపోయింది. లేపుదామంటే లేవలేదు. నాన్న ఆటోలో ఎక్కించి బస్టాండుకీ, అక్కణ్ణించి గుంటూరు బ్రాడీపేటలో డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాడు. తమ్ముణ్ణి మోసింది ఆయనే. నేను అమ్మ చెయ్యి పట్టుకుని నడిచాను. డాక్టరు పెద్దాయన. ఆయన అమ్మ నడుమును చూసింది తక్కువ, మొహం చూసింది ఎక్కువ.

"ఈమె నడుము కాదండీ, మనిషే అరిగిపోయింది. మందులు రాస్తాను కానీ వాటి వల్ల పెద్దగా ఏమీ కాదు. ఆ బాబును కొన్ని రోజులు చూసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని నాన్నను అడిగాడు.

"ఎవరూ లేరండీ," అంది అమ్మ, నాన్న నోరు తెరవకముందే.

"మా అక్క ఉంది," అన్నాడు నాన్న.

ఆ అక్కే మా మేనత్త. పర్చూరు దగ్గర పల్లెటూరు. మిరప పంటలో రాటుదేలిన మనిషి. పిల్లలు పెద్దవాళ్లై పెళ్లిళ్లు కూడా అయిపోయాయి. కబురు చేసిన రెండో రోజే చేతిసంచీతో దిగింది. అమ్మ ఒప్పుకోలేదు. వదినకు వాడి మెడ ఎలా పట్టాలో తెలియదు, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో తెలియదు, పళ్లు కొరికితే ఆకలనో కడుపునొప్పనో పోల్చుకోలేదు అంటూ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. మేనత్త అన్నీ విని, "ఇంతమందిని కని పెంచిన్దాన్ని, నాకేందమ్మా కొత్తగా? నువ్వు చూపించు, నేను నేర్చుకుంటా. నేర్చుకున్నాక మాత్రం ఇంట్లో ఉండబాకు. నువ్వుంటే నన్ను ముట్టుకోనియ్యవు," అంది.

అలా బయలుదేరాం. ఎక్కడికి వెళ్లాలో నాన్నే అనుకున్నాడు. చీరాల దగ్గర వాడరేవు. మిల్లులో ఎవరో చెప్పారట, సముద్రం ఒడ్డున చవకలో ఉండే హోటల్ ఉందని. ఇంట్లోంచి బయటపడేటప్పుడు తమ్ముడు ఏడుస్తాడని అనుకున్నాం. వాడు మేనత్త చేతి గాజుల చప్పుడు వింటూ నవ్వుతున్నాడు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఆ నవ్వునే చూసింది. నాన్న "బస్సు పోతుందే" అంటే గాని కదల్లేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అమ్మకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంచీని ఒళ్లో పెట్టుకుంది, తీసి కింద పెట్టింది, మళ్లీ తీసుకుంది. పర్చూరు దాటాక నేను ఆ సంచీ తీసి పక్కన పెట్టి, అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. ఆ చోటు ఎప్పుడూ తమ్ముడిది. అమ్మ నా జుట్టులోకి వేళ్లు పోనిచ్చింది. మరో చెయ్యి అలవాటుగా నా మెడ కిందికి పోయి తలను ఆపి పట్టుకుంది. నా మెడ బాగానే ఉందని చెప్పాలనిపించింది. చెప్పలేదు, చెప్తే తీసేస్తుందేమోనని.

వాడరేవులో ఒకప్పుడు ఓడలు ఆగేవట. ఆ పేరే ఓడరేవు నుంచి వచ్చిందని నాన్న ఆటోలో చెప్పాడు. ఇప్పుడు ఓడలు లేవు. లైట్‌హౌస్ ఉంది, ఇసుకలోకి లాగిన పడవలు ఉన్నాయి, ఎండబెట్టిన చేపల వాసన ఉంది. మేము దిగిన హోటల్ రెండంతస్తులది. ఉప్పుగాలికి సున్నం పెచ్చులుగా రాలిపోయి, కిటికీ ఊచలు తుప్పు పట్టి ఉన్నాయి. ముందు సిమెంటు వరండా, దాని మెట్ల దాకా ఇసుక. యజమాని చీరాలలో ఉంటాడట. హోటల్‌ను చూసుకునేది భార్యాభర్తలిద్దరు. ఆయన గదులు చూసేవాడు, ఆవిడ వంట చేసి పెట్టేది. యాభై దాటిన మనిషి, బొట్టు లేదు, తెల్ల రవిక, పెద్ద గొంతు. క్రైస్తవులు. వంటగది గోడ మీద బైబిల్ వాక్యం రాసిన క్యాలెండరు వేలాడుతూ ఉండేది.

ఆవిడే మాకు గది చూపించింది. మంచం మీద దుప్పటి దులుపుతూ అమ్మను అడిగింది.

"పిల్లలెంతమందమ్మా?"

"ఒక్కతేనండి," అంది అమ్మ.

నాన్న సంచీ జిప్పు తీస్తున్నాడు. ఆయన చెయ్యి సగంలో ఆగిపోయింది. తల ఎత్తలేదు. కాసేపాగి జిప్పు పూర్తిగా తీసి తువ్వాలు బయటికి లాగాడు. అమ్మ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తోంది. ఆవిడ నా వైపు చూసి, "నీ ఒక్కదానిదే రాజ్యమన్నమాట," అని నా బుగ్గ గిల్లి వెళ్లిపోయింది.

అప్పుడు నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పాలంటే, సంతోషం వేసింది. అమ్మ అబద్ధం చెప్పిందని తెలుసు, అది తప్పని కూడా తెలుసు. అయినా ఆ మాట నాకు కొత్త గౌను ఇచ్చినట్టుంది. ఒక్కతే. తమ్ముడు పుట్టకముందు నాలుగేళ్లు నేను ఒక్కదాన్నే, కానీ ఆ రోజులు గుర్తులేవు. ఇప్పుడు మళ్లీ దొరికాయి.

ఆ మధ్యాహ్నం అమ్మ పడుకుంది. పక్క మీద వాలిన మనిషి వాలినట్టే ఉండిపోయింది. భోజనానికి పిలిస్తే లేవలేదు. నాన్న రెండుసార్లు వంగి ఊపిరి తీస్తోందో లేదో చూశాడు. తర్వాత నన్ను తీసుకుని ఒడ్డుకు వచ్చాడు. నీళ్లలో నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. అల వచ్చినప్పుడల్లా నన్ను పైకి ఎత్తాడు. ఇంట్లో ఆయన ఎత్తుకునేది తమ్ముణ్ణే. నేను ఎత్తుకోమని అడిగే వయసు దాటిపోయానని అందరూ అనుకునేవాళ్లు. నేను కూడా అలాగే అనుకున్నాను. ఆయన మెడ పట్టుకుని అరుస్తూ నవ్వుతుంటే, ఇంటి దగ్గర ఈ వేళకు వాడికి స్నానం చేయించాలి కదా అని గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది. మళ్లీ అల వచ్చింది, మళ్లీ నవ్వాను.

సాయంత్రం అమ్మ లేచాక ఆవిడ వరండాలోనే విస్తళ్లు వేసింది. వేడి అన్నం, చేపల పులుసు, వేయించిన రొయ్యలు. అమ్మ మొదట ముద్ద కలిపి చెయ్యి పైకెత్తి ఆగింది, ఎవరికో పెట్టాలన్నట్టు. తర్వాత తన నోట్లోనే పెట్టుకుంది. అంత ఆకలితో అమ్మ తినడం అంతకుముందు నేను చూడలేదు. ఆవిడ మారు వడ్డిస్తూ, "తినమ్మా, తిను. ఏందట్టా సిగ్గుపడతన్నావ్? ఎముకలు లెక్కబెట్టేటట్టున్నావు," అంది. అమ్మ తింటూ తింటూ కళ్లు తుడుచుకుంది. కారం ఎక్కువైందంది. గుంటూరు కారం తిని పెరిగిన మనిషికి ఆ కారం ఏ మూలకు? ఆవిడ మజ్జిగ తెచ్చిపెట్టింది.

భోజనం అయ్యాక లైట్‌హౌస్ దారిలో ఉన్న ఎస్టీడీ బూత్‌కు వెళ్లాం. ఇంటి ఓనరు గారి ఫోనుకు చేసి మేనత్తను పిలిపించాలి. అమ్మ రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది. నేను అద్దం తలుపుకు ఆనుకుని విన్నాను.

"వదినా, ఎట్టా ఉన్నాడు? తిన్నాడా?"

అవతలి గొంతు బూత్ బయటికి కూడా వినిపించేంత పెద్దది. "శుభ్రంగా తిన్నాడే! గిన్నె మొత్తం నాకించా. ఒక్క ఫిట్టూ రాలేదు. నా గాజులు పట్టుకుని ఒకటే నవ్వు. నువ్వేమీ బెంగపెట్టుకోబాకు."

"నేను లేకపోయినా తిన్నాడా?" అంది అమ్మ.

"తినడా మరి? ఆకలి ఆకలే కదా."

అమ్మ ఫోను పెట్టేసింది. మంచి కబురు విన్న మొహం కాదది. బయటికి వచ్చి, చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంటూ చాలాసేపు వంగే ఉంది. నాన్న "బాగున్నాడంటగా, ఇంకేంటి?" అంటే, "బాగున్నాడు. అదే," అంది. ఏడేళ్లుగా తను లేకపోతే వాడు బతకడని నమ్ముకుని బతికిన మనిషికి ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో పదకొండేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? నాకు మాత్రం, అయితే ఇంకా కొన్ని రోజులు ఉండొచ్చన్నమాట అనిపించింది.

మర్నాడు నాన్న మోటుపల్లి చూపిస్తానన్నాడు. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు, దూరదేశాల నుంచి ఓడలు వచ్చేవి. అమ్మ రానంది. మేమిద్దరం ఆటోలో వెళ్లాం. పాత గుడిలో రాతి స్తంభం మీద అక్షరాలు చూపించి, తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకును రాజులు లాక్కునేవాళ్లని, ఇకమీదట అలా లాక్కోబోమని ఈ రాయి మీద రాయించారని పూజారి చెప్పాడు. నాన్న ఆ రాయిని చేత్తో తడిమి చాలాసేపు చూశాడు. నాకు విసుగు పుట్టింది. తిరిగి వస్తుంటే ఆటోలో నాన్న, "అమ్మ నిన్న ఆవిడతో అన్న మాట విన్నావా?" అని అడిగాడు. విన్నానన్నాను. "మీ అత్తతో అనబాకు. తమ్ముడి ముందు అసలే అనబాకు," అన్నాడు. వాడికి అర్థం కాదుగా అన్నాను. "అర్థమవుద్దేమో, మనకేం తెలుసు," అన్నాడు.

మేము వచ్చేసరికి అమ్మ ఒంటరిగా నీళ్లలో ఉంది. మోకాళ్ల దాకా దిగి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, అల వచ్చినప్పుడల్లా వెనక్కి గెంతుతూ నవ్వుతోంది. నాన్న నా చెయ్యి పట్టి ఆపాడు. ఇద్దరం పడవ చాటున నిలబడి చూశాం. మేము కనబడితే ఆ నవ్వు ఆగిపోతుందని ఇద్దరికీ తెలుసు.

వెళ్లిపోయే రోజు పొద్దున ఆవిడ మా గదికి వచ్చింది. అమ్మ బట్టలు సర్దుతోంది. నాన్న కిందికి వెళ్లాడు. ఆవిడ మంచం మీద కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోబాకమ్మా. ఈ పిల్ల తర్వాత ఇంక కలగలేదా?"

అమ్మ రెండో చేత్తో చీరను సంచీలోకి తోసింది.

"నువ్వొచ్చిన కాణ్ణుంచీ చూస్తన్నా. ముద్ద కలుపుతా ఏడుస్తావు, ఒంటరిగా కూర్చుని ఏడుస్తావు. మగపిల్లాడి కోసమేగా? దేవుడు ఇస్తాడు. మా చర్చి సమాజంలో ఆడోళ్లం శుక్రవారం శుక్రవారం ఉపవాసముండి ప్రార్థన చేస్తాం. నీకు కొడుకు పుట్టాలని నిన్ను ప్రార్థనలో పెడతా. అందరం చేస్తాం."

అమ్మ మొహం తెల్లబోయింది. "వద్దండీ..." అంది. ఆవిడ వినలేదు. అమ్మ తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. నన్ను దగ్గరికి రమ్మని, "నువ్వు కూడా కళ్లు మూసుకోమ్మా, తమ్ముడు కావాలని అడుగు. చిన్నపిల్లలు అడిగితే వింటాడు," అంది.

కళ్లు మూసుకున్నాను. ఆవిడ గొంతు పెద్దగా, వణుకుతూ, ఈ తల్లి ఒళ్లో కొడుకును వెయ్యి తండ్రీ అంటోంది. అమ్మ ఏడుస్తోంది. నేను లోపల అడిగాను. తమ్ముణ్ణి కాదు. ఎప్పటికీ ఇలాగే ఉండాలని అడిగాను. ముగ్గురమే. నాన్న నన్నే ఎత్తాలని, అమ్మ వేడివేడిగా తినాలని. అందులో తమ్ముడి మాట లేదు. ఆ లేకపోవడానికి అర్థం ఏమిటో నాకు అప్పుడే తెలుసు.

ఇంటికి వచ్చాం. గుమ్మంలో అమ్మ గొంతు వినగానే వాడు తల తిప్పడానికి ఒళ్లంతా బిగబట్టి ప్రయత్నించి, తిప్పలేక, అటు గోడ వైపే చూస్తూ గట్టిగా నవ్వాడు. అమ్మ సంచీ ఎక్కడ పడేసిందో కూడా చూసుకోకుండా వెళ్లి వాణ్ణి గుండెలకు హత్తుకుంది.

వానలు మొదలయ్యాక వాడికి జ్వరం వచ్చింది. జ్వరంతో పాటు ఫిట్స్. ఒకటి ఆగేలోపు ఇంకొకటి. మళ్లీ గుంటూరు. పిల్లల ఆస్పత్రిలో వాడి ముక్కుకు గొట్టం పెట్టారు. చిన్న పక్క మీద వాడు ఇంకా చిన్నగా కనిపించాడు. ఆస్పత్రి వసారాలో బెంచీ మీద కూర్చుని నేను అన్నం తిననన్నాను. నాన్న బతిమాలాడు, కసిరాడు. చివరికి అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏందే నీకు? నువ్వు కూడా పడిపోతే నేను ఎవర్ని చూడను?"

చెప్పేశాను. హోటల్లో కళ్లు మూసుకుని ఏం కోరుకున్నానో. నా వల్లే వాడికిలా అయిందని. వెక్కిళ్ల మధ్య ఎంత అర్థమయ్యేలా చెప్పానో తెలియదు. అమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"కోరుకుంటే జరిగిపోయేటట్టయితే ఈపాటికి వాడు వీధిలో పరిగెత్తతా ఉండేవాడు. నేను రోజూ కోరుకుంటున్నాగా," అంది. తర్వాత నా కన్నీళ్లు కొంగుతో తుడిచి, "అక్కడ ఒక్కతేనని అన్నది నేను. నువ్వు విన్నావని నాకు తెలుసు. అప్పట్నుంచీ నీ మొహం చూడాలంటే నాకూ ఇదిగానే ఉంది. అన్నం తిను," అంది.

తిన్నాను. ఆ జ్వరం వాణ్ణి తీసుకుపోలేదు. వాడు పోయింది చాలా ఏళ్ల తర్వాత, నేను డిగ్రీలో ఉన్నప్పుడు, వేరే జ్వరంతో. ఆ వానల్లో వాణ్ణి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున అమ్మ నాన్నతో, "వీడు కాస్త కోలుకున్నాక మళ్లీ అక్కడికి వెళ్దామండీ. ఆవిడకు వీణ్ణి చూపించాలి," అంది.

డిసెంబరు చివర్లో వెళ్లాం. పత్తి సీజనులో సెలవు దొరకడం కష్టం, అయినా నాన్న ఎలాగో ఒప్పించుకున్నాడు. హోటల్ వరండాలో కాగితం నక్షత్రం వేలాడుతోంది, క్రిస్మస్ అయినా ఇంకా దించలేదు. ఆవిడ మమ్మల్ని దూరం నుంచే గుర్తుపట్టి ఎదురొచ్చింది. అమ్మ భుజం మీద తమ్ముడున్నాడు. కాళ్లు అమ్మ మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి.

"ఈ బాబు ఎవరమ్మా? చుట్టాలబ్బాయా?"

"మా అబ్బాయేనండి. ఎనిమిదో ఏడు నడుస్తోంది," అంది అమ్మ.

ఆవిడ వాణ్ణి చూసింది, నన్ను చూసింది, మళ్లీ అమ్మను చూసింది. "అంటే మొన్న వేసవిలో..."

"ఉన్నాడండి. ఇంటి దగ్గరున్నాడు."

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. గది తాళం ఆమె భర్త తెచ్చి ఇచ్చాడు. మధ్యాహ్నం వడ్డించింది కూడా ఆయనే. వంటగదిలోంచి గిన్నెల చప్పుడు మాత్రం కొంచెం ఎక్కువగా వినిపించింది.

తమ్ముడికి సముద్రం నచ్చుతుందని మేమందరం అనుకున్నాం. చప్పుళ్లంటే ఇష్టం కదా. నాన్న వాణ్ణి ఎత్తుకుని ఒడ్డుకు తీసుకెళ్లగానే వాడు బిగుసుకుపోయి కెవ్వున అరిచాడు. ఆ హోరు వాడికి భయం. వెనక్కి తెచ్చినా, గదిలో పడుకోబెట్టి కిటికీలు మూసినా ఆ హోరు ఆగదు. ఏడుస్తూనే ఉన్నాడు. పక్కగదిలో దిగినవాళ్లు వచ్చి, కాస్త నిద్రపోనివ్వండి అన్నారు. మర్నాడు పొద్దునకు అమ్మ కళ్ల కింద నల్లగా అయింది. నాన్న వెళ్లిపోదామన్నాడు. నాకు నాన్న మీద, అమ్మ మీద, అందరికన్నా వాడి మీద కోపం వచ్చింది. నా సముద్రాన్ని పాడుచేశాడనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ నా మీద నాకే అసహ్యం.

అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆవిడ వంటగదిలోంచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"శుక్రవారం శుక్రవారం పస్తున్నానమ్మా నీకోసం. నేనొక్కదాన్నే కాదు, మా సమాజమంతా. చిలకలూరిపేట నుంచి ఒక అమ్మ వచ్చింది, కొడుకు కోసం ఏడుస్తోంది అని చెప్పా. ఇప్పుడు వాళ్లకేమని చెప్పను?"

"నిజమే చెప్పండి," అంది అమ్మ.

"ఇట్టాంటి బిడ్డని లేడని చెప్పడానికి నోరెట్టా వచ్చింది? సిగ్గా?"

"సిగ్గు కాదండి." అమ్మ గొంతు తొణకలేదు. వీపు మీద తట్టే చెయ్యి కూడా ఆగలేదు. "అలసట. రెండు రోజులు నా ఒళ్లో ఎవరూ లేనట్టు ఉందామనుకున్నా. మీరు అడగ్గానే నోటికి అదే వచ్చింది. అన్నాక చాలా హాయిగా ఉంది. అందుకే ఏడ్చా."

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంది. తమ్ముడు ఏడుస్తూనే ఉన్నాడు. "ఇటివ్వు," అంది చివరికి. ఇంకా కోపంగానే అంది. అమ్మ మెడ ఎలా పట్టాలో చెప్పబోతే, "కనపడతానే ఉందిగా," అని వాణ్ణి తీసుకుని వంటగదిలోకి నడిచింది. మేమూ వెనకే వెళ్లాం. అక్కడ పెద్ద పంపు స్టవ్ బుస్సుమని మండుతోంది. సముద్రం హోరు దాని కింద అణిగిపోయింది. వాడు ఏడుపు ఆపాడు. వెక్కుతూ విన్నాడు. కాసేపటికి పెదవులు విడ్డాయి. ఆమె భర్త గాలి కొట్టి మంట పెంచగానే ఒళ్లంతా కదిలించి నవ్వాడు.

"ఓహో, నీక్కావాల్సింది ఇదా అబ్బాయ్?" అందావిడ. వాణ్ణి ఒళ్లో వేసుకుని పీట మీద కూర్చుని, అమ్మ వైపు చూడకుండానే, "నువ్వు పొయ్యి ఆ నీళ్ల కాడ కూర్చో. అన్నం ఎట్టా పెట్టాలో ఈ పిల్ల చూపిస్తది," అంది. అమ్మ గుమ్మం దగ్గరే తచ్చాడుతుంటే, "పొమ్మన్నాగా!" అని కసిరింది.

అమ్మ వెళ్లింది. నేను ఆవిడకు చూపించాను: అన్నం ఎంత మెత్తగా పిసకాలో, చెంచా ఎంత నింపాలో, గొంతు మీద వేలు ఎక్కడ నిమరాలో. అంతసేపూ కిటికీలోంచి అమ్మ వీపు కనిపిస్తూనే ఉంది. ఇసుకలో కూర్చుని, ఊరికే, ఏమీ చెయ్యకుండా.

ఆ శుక్రవారం సమాజం ఆడవాళ్లు కొందరు వాణ్ణి చూడటానికి వచ్చారు. ఆవిడ వాళ్లకు ఏం చెప్పిందో తెలియదు. ఎవరూ అమ్మను ఏమీ అడగలేదు. ఒక ముసలావిడ వాడి అరికాళ్లు నిమిరి వెళ్లింది.

తర్వాత ఏడాది కూడా వెళ్లాం. ఆ పై ఏడు క్రిస్మస్ వెళ్లిన మర్నాడు, ఆదివారం పొద్దున, సునామీ వచ్చింది. సునామీ అనే మాట మేము వినడం అదే మొదలు. టీవీలో పడవలు రోడ్ల మీద బోర్లాపడి ఉన్నాయి. వాడరేవు పేరు వినగానే అమ్మ చేతిలో పనల్లా ఆపేసింది. హోటల్‌కు ఫోను కలవలేదు. కొన్ని రోజులు చూసి, బస్సులు మామూలుగా తిరుగుతున్నాయని తెలిశాక, "నేను వెళ్లి చూసొస్తా," అంది. నాన్న మిల్లుకు వెళ్లాలి. మేనత్తకు మిరప కోతలు. నేను ఎనిమిదో తరగతి. ఆ రోజు బడి మానేసి తమ్ముణ్ణి నేనే చూసుకుంటానన్నాను. అమ్మ ఒక్కతే బస్సెక్కి వెళ్లింది.

పగలంతా వాడితో ఒక్కదాన్నే ఉండటం అదే మొదటిసారి. తినిపించాను, కడిగాను, బట్టలు మార్చాను. మధ్యాహ్నం వాడు నా మీదే నిద్రపోయాడు. చెయ్యి తిమ్మిరెక్కింది, కదిపితే లేస్తాడు. వీధిలో నా స్నేహితులు ఆడుకుంటున్న అరుపులు వినిపిస్తున్నాయి. ఒకమ్మాయి వచ్చి కిటికీలోంచి రమ్మని సైగ చేసింది. తల అడ్డంగా ఊపాను. అమ్మకు ఇది రోజూ. వాణ్ణి పక్కన పడేసి పరిగెత్తాలని ఎంత అనిపించిందో, అలా అనిపిస్తున్నంతసేపూ వాడి మొహం వైపు చూడలేకపోయాను.

పొద్దు వాలకముందే అమ్మ వచ్చేసింది. చీర అంచుకు ఇసుక అంటుకుని ఉంది. ఆవిడా, ఆవిడ భర్తా క్షేమమే. నీళ్లొచ్చే వేళకు చర్చిలో ఆరాధనలో ఉన్నారట, అది ఒడ్డుకు దూరం. హోటల్ కింది గదులూ వంటగదీ ఇసుకతో నిండిపోయాయట. యజమాని ఇక నడపనన్నాడట. వాళ్లు చీరాలలో కూతురింటికి వెళ్లిపోతున్నారు. "నన్ను చూడగానే ముందు వీణ్ణే అడిగింది. ఎవరి దగ్గర వదిలావని. నీ దగ్గరంటే, చిన్నపిల్ల, దాన్ని ఎక్కువ కట్టేయబాకమ్మా అంది," అని చెబుతూనే అమ్మ కాళ్లు కడుక్కుని వచ్చి వాణ్ణి నా ఒళ్లోంచి తీసుకుంది.

చేతులు ఖాళీ అయ్యాయి. వెంటనే లేచి గుమ్మం దాకా పరిగెత్తాను. అక్కడ ఆగిపోయాను. వెనక్కి వచ్చి, "నువ్వు అలిసిపోయావు కదా, ఇంకాసేపు నేను పట్టుకోనా?" అన్నాను. నిజంగా అడిగానో, అడగాలి కాబట్టి అడిగానో ఇప్పటికీ తెలియదు.

అమ్మ వాడి మెడ కింద చెయ్యి సర్దుకుంటూ నవ్వింది. "వద్దులే. ఇంకా చీకటి పడలేదుగా. పోయి ఆడుకో."

వెళ్లాను.